పెళ్లి ఆర్డరు సరాసరిలో కలపాలా?

సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ ముంబయి నుంచే. కామాటిపురా గల్లీల నుంచి, వర్లీ, నాయ్‌గావ్ చాళ్ల నుంచి రాశారు. అడిగినవాళ్లు వేరువేరు మనుషులే గానీ అడిగింది ఇంచుమించు ఒకటే: మరీ పెద్ద అంకెలు, మరీ చిన్న అంకెలు తీసేసి సరాసరి కట్టడం ఎలా? ఫార్ములాల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. సెల్‌లో టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. ఎక్సెల్ అయినా, ఫోన్‌లో గూగుల్ షీట్స్ అయినా ఇవి ఒకేలా పనిచేస్తాయి.

మేం కామాటిపురాల ఖానావళి నడుపుతం. లోన్ కోసం పోతే బ్యాంకాయన రోజుకు గల్లా సరాసరి ఎంతమ్మా అని అడిగిండు. మా పిల్ల ఫోన్ల పది రోజుల లెక్క ఎక్కిస్తే రూ.5,200 వచ్చింది. గంత గల్లా మాకు మామూలు దినం ఎన్నడు రాదు. ఒక దినం పెండ్లి ఆర్డరు తగిలింది, ఒక దినం బంద్ పెట్టినం. ట్రిమ్‌మీన్ అని ఒకటుంటదట గదా, దానికి 10 శాతం అని ఇచ్చినా మళ్ల గదే 5,200 చూపిస్తున్నది. ఏం తప్పు చేసినం?
– ఒక సోదరి, కామాటిపురా

మీ పాప తప్పేమీ చేయలేదు. మీరు పంపిన లెక్క ఇది: 4,200, 3,900, 4,500, 4,100, 0, 4,300, 18,600, 4,000, 4,400, 4,000. మొత్తం 52,000. పదితో భాగిస్తే 5,200. ఆ రెండు రోజులూ పక్కన పెడితే మీ గల్లా ఏనాడూ 4,500 దాటలేదు, 3,900కి తగ్గలేదు. ఒక్క పెళ్లి భోజనం వచ్చి మిగతా రోజులన్నిటినీ పైకి లాగేసింది.

ఇక రెండు చివర్ల అంకెలు తీసేసి సరాసరి కట్టే ట్రిమ్‌మీన్ సంగతి. 10 శాతం అంటే పై నుంచి 10, కింది నుంచి 10 అనుకుంటారు చాలామంది. కాదు. రెండు వైపులా కలిపి 10 శాతం. పది అంకెల్లో 10 శాతమంటే ఒకటి. ఒక్కదాన్ని రెండు చివర్ల నుంచీ తీయడం కుదరదు కదా! అందుకని అది కిందికి, దగ్గర్లో ఉన్న సరి సంఖ్యకు దిగుతుంది. అంటే సున్నా. ఏమీ తీయకుండానే మామూలు సరాసరి చూపించి ఊరుకుంటుంది, తీయలేదని ఒక మాటైనా చెప్పదు. మీకు కావలసింది =ట్రిమ్‌మీన్(బి2:బి11, 0.2). అప్పుడు పైన 18,600, కింద 0 పోయి, మిగిలిన ఎనిమిదికి 4,175 వస్తుంది. నెల మొత్తం 30 రోజుల లెక్క ఎక్కించినప్పుడు 0.1 ఇస్తే లెక్కకు మూడు రావాలి, కానీ తీసేది రెండే: పై నుంచి ఒకటి, కింది నుంచి ఒకటి.

బంద్ రోజు గడిలో సున్నా వేయాలా, ఖాళీగా వదలాలా? ఇది చిన్న విషయం కాదు. ఏవరేజ్ అనే ఫార్ములా ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు, సున్నాను తీసుకుంటుంది. మీరు ఆ గడి ఖాళీగా ఉంచితే సరాసరి తగ్గకపోగా 5,778కి ఎక్కుతుంది, ఎందుకంటే అప్పుడు భాగించేది తొమ్మిదితో. పైగా తొమ్మిది అంకెలకు 0.2 ఇచ్చినా ట్రిమ్‌మీన్ మళ్లీ ఏమీ తీయదు. 0.23 ఇస్తే తీస్తుంది గానీ, ఈసారి 18,600తో పాటు పాపం ఏ తప్పూ చేయని 3,900 కూడా పోతుంది. ఈ ఫార్ములాకు మంచీ చెడ్డా తెలియదు, చివరనున్న వాటిని కోయడం ఒక్కటే తెలుసు.

అందుకే నన్నడిగితే ట్రిమ్‌మీన్ కన్నా ఇంకో దారి మేలు. గల్లా పక్కన ఇంకో నిలువు వరస పెట్టి ఒక్కో రోజుకు ఒక్కో మాట రాయండి: మామూలు, ఆర్డరు, బంద్. తెలుగులోనే రాయొచ్చు. తర్వాత =ఏవరేజ్‌ఇఫ్స్(బి2:బి11, సి2:సి11, "మామూలు"). ఇది కూడా 4,175 అనే చెబుతుంది, కానీ ఎందుకు తీశారో ఆరు నెలల తర్వాత చూసినా తెలుస్తుంది.

బ్యాంకాయనకు ఏ అంకె చెప్పాలో కూడా చెప్పాలి కదా. రేపు ఎంత బియ్యం నానబెట్టాలి, ఎన్ని కిలోల వంకాయలు తేవాలి అన్నదానికి 4,175. కిస్తీ కట్టగలరా లేదా అని ఆయన చూసుకునేదానికి మాత్రం మొత్తం రాబడి కావాలి. అక్కడ పెళ్లి ఆర్డరు తీసేస్తే మీకు నష్టం, బంద్ రోజు తీసేస్తే ఆయనకు మోసం. దుకాణం మూసినా గాలా కిరాయి ఆగదు. కాబట్టి రెండూ రాసివ్వండి: మామూలు రోజు 4,175, పది రోజుల మొత్తం 52,000, అందులో ఒక ఆర్డరు 18,600. సంవత్సరంలో అలాంటి ఆర్డర్లు ఎన్ని వస్తాయో మీకే తెలుసు.

ఏడాది లైటు బిల్లులు ఎక్కించాను. నెలకు సుమారు వెయ్యి వస్తుంది, సరాసరి మాత్రం రూ.1,800 దగ్గర చూపిస్తోంది. పెద్ద అంకె తీసేయనా?
– ఒక పాఠకుడు, నాయ్‌గావ్

తీయకండి, దిద్దండి. మీరు పంపిన వరసలో మార్చి బిల్లు 9,840 అని ఉంది, ముందు నెల 1,010, తర్వాతి నెల 970. అది 984 అయ్యుంటుంది, చివర ఒక సున్నా ఎక్కువ పడింది. కాగితం బిల్లు తీసి చూడండి. జులై గడిలో మీరు 1,020/- అని కొట్టారు. చివర ఆ గీత పెట్టగానే అది అంకె కాకుండా పోయి అక్షరాల కింద జమ అయింది. సరాసరి దాన్ని చూడనే లేదు, పన్నెండు బదులు పదకొండుతోనే భాగించింది. అంకెలు గడిలో కుడి వైపుకు ఆనుకుంటాయి, అక్షరాలు ఎడమ వైపుకు. ఎడమకు ఒరిగిన అంకె ఎక్కడ కనిపించినా అనుమానించండి.

కుట్టు కార్ఖానాల పీసు లెక్క మీద పని చేస్తున్న. పీసుకు రూ.9. ఇప్పుడు మా సేఠ్ పీసు లెక్క బంద్ చేసి రోజుకు ఇంత అని ఫిక్స్ చేస్తానంటున్నడు. పన్నెండు రోజుల లెక్క తీసి "ఎక్స్‌ట్రీమ్ వాల్యూలు తీసేసిన, నీ సరాసరి 52 పీసులు" అన్నడు. నాకు తెలిసి నేను రోజుకు అరవై కుడత. కంప్యూటర్ లెక్క గదా, ఎట్ల కాదనాలె?
– ఒక కారీగర్, కామాటిపురా

కాదనొచ్చు, కంప్యూటర్‌తోనే. మీ పన్నెండు రోజులు: 60, 62, 58, 61, 20, 64, 90, 59, 88, 63, 15, 60. మొత్తం 700. ఏమీ తీయకుండా సరాసరి 58.3.

సేఠ్ గారు తీసింది మీరు రాత్రి దాకా కూర్చున్న రెండు రోజులు, 90, 88. మిగిలిన 522ని పదితో భాగిస్తే 52.2. ఆయన అంకె అక్కడి నుంచి వచ్చింది. మరి 20, 15 ఎందుకు ఉంచారు? ఆ రెండు రోజులూ కరెంటు లేదనీ, బట్ట రాలేదనీ మీరే రాశారు. పని ఇవ్వనిది ఆయన, పీసులు తగ్గింది మీ ఖాతాలో.

అంచులు తీయడమంటే రెండు అంచులూ తీయాలి. ఈత కొలనుల్లో డైవింగ్ పోటీలు చూసే ఉంటారు. ఏడుగురు జడ్జీలుంటే ఎక్కువ వేసిన రెండు మార్కులూ, తక్కువ వేసిన రెండు మార్కులూ కొట్టేసి మధ్యవి మూడే కలుపుతారు. ఎక్కువవి మాత్రమే కొట్టేస్తామంటే దూకేవాడు ఒప్పుకుంటాడా? మీ లెక్కలో కూడా పైన రెండు, కింద రెండు తీస్తే మిగిలిన ఎనిమిదికి మొత్తం 487, సరాసరి 60.9. ఫార్ములా =ట్రిమ్‌మీన్(బి2:బి13, 0.34). ఏదీ తీయనక్కర్లేని దారి ఇంకొకటుంది: =మీడియన్(బి2:బి13). అంకెలన్నీ చిన్న నుంచి పెద్దకు పేరిస్తే నట్టనడుమ వచ్చేది. మీకది 60.5. రెండు దారులూ మీ మాటే చెబుతున్నాయి.

52.2కీ 60.9కీ తేడా 8.7 పీసులు, రోజుకు రూ.78. నెలకు 26 రోజుల పనికి రెండు వేల పైచిలుకు. నిజాం ఇలాకా నుంచి బొంబాయికి వచ్చిన తెలుగు కూలీలు ఈ గల్లీల్లో కాపురాలు పెట్టి రెండు వందల ఏళ్లు దాటింది. దినకూలి లెక్క దగ్గర పేచీ ఇక్కడ కొత్తది కాదు, సేఠ్ చేతిలో చోపడీ పోయి ల్యాప్‌టాప్ వచ్చింది, అంతే. ఆయనతో కొట్లాడకండి. ఏయే రోజులు తీశారో తేదీలతో చూపించమనండి. తేదీలు బల్ల మీదికి వచ్చాక మాట్లాడటం సులువు.

ఇంకొకటి. రాత్రి దాకా కూర్చుని 90 కుట్టిన రోజు మీ కష్టం, అది నిజంగా జరిగింది. ఫిక్స్ జీతం ఒప్పుకునే ముందు ఆ ఎక్కువ గంటలకు వేరే డబ్బు ఇస్తారా అని అడగండి. ఇస్తామంటేనే 88, 90 తీసిన లెక్కకు అర్థం.

మా నాయిన మిల్లు కార్మికుడు. వర్లీ బీడీడీ చాల్‌లో పుట్టి పెరిగాం. అన్నదమ్ములం ఇద్దరం, ఒక ఇంట్లో సరిపోవట్లేదు. తమ్ముడికి దగ్గర్లోనే కిరాయిల్లు వెతుకుతూ దళారులు చెప్పిన ధరలు షీట్‌లో రాసుకున్నాను. సరాసరి రూ.80,000 వచ్చింది. భయపడి ట్రిమ్‌మీన్ 20 శాతం పెట్టినా రూ.70,000 దాటే ఉంది. మేమిక వర్లీలో ఉండలేమా?
– ఒక పాఠకుడు, వర్లీ

ఉండగలరో లేదో చెప్పేది ఈ 80,000 మాత్రం కాదు. మీ పదకొండు ధరలు వేలల్లో: 38, 42, 40, 45, 36, 41, 44, 39, 160, 185, 210. వీటిలో 80 వేల ఇల్లు ఏదైనా ఉందా? దాని దరిదాపుల్లో కూడా లేదు. 45 తర్వాత ఏకంగా 160.

ట్రిమ్‌మీన్ ఎందుకు ఓడిపోయిందంటే, అది పై నుంచి ఒకటి (210), కింది నుంచి ఒకటి (36) తీసింది. పైన ఇంకా రెండు మిగిలాయి. పెద్దవన్నీ ఒక్క వైపే ఉన్నప్పుడు సమానంగా కోసే కత్తి పనికిరాదు. మీడియన్ చూస్తే 42 వేలు, అది నమ్మదగ్గ అంకె. అసలు మీ దగ్గరున్నది ఒక జాబితా కాదు, రెండు. ఎనిమిది పాత బిల్డింగుల ఇళ్లు, మూడు సముద్రం కనిపించే టవర్ల ఇళ్లు. ఆ మూడూ పొరపాటు అంకెలు కావు, ఆ కిరాయి ఇచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ ధర. కానీ అవి మీరు వెతికే ఇళ్లు కావు. పక్కన బిల్డింగ్ రకం రాసి వేరు చేస్తే పాత బిల్డింగుల సరాసరి 40,600 తేలుతుంది.

వర్లీలో ఈ చిక్కు ముందు ముందు పెరుగుతుంది. బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివడీలలో కట్టిన ఈ బీడీడీ చాళ్లు 207. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. 1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలై చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోకపోయినా జనం ఆ ఖోలీలను వదల్లేదు. ఇప్పుడు వాటి స్థానంలో లేచే టవర్లలో ఒక్కో కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తున్నారు. వర్లీలో మొదటి విడత 556 ఇళ్ల తాళాలు 2025 ఆగస్టులో అందాయి. ఒకే రోడ్డు మీద 160 అడుగుల ఖోలీ, 500 అడుగుల ఇల్లు, సముద్రం వైపు కోట్ల ఫ్లాటు ఉన్నచోట "వర్లీలో సరాసరి ధర" అని పేపర్లో చూస్తే అది ఎవరి ఇంటి ధరా కాదని అనుకోండి.

నేను డిగ్రీ చదువుతున్నాను. ముంబయి వానల మీద ప్రాజెక్టు. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్లు పడింది. ఇది అవుట్‌లయర్, తీసేసి సరాసరి కట్టమని క్లాసులో అంటున్నారు. మా నాన్న మాత్రం ఆ రోజు నడుంలోతు నీళ్లలో ఇంటికొచ్చానని, ఎట్ల తీసేస్తావని కోప్పడుతున్నాడు.
– ఒక విద్యార్థిని, కామాటిపురా

మీ నాన్నగారి వైపే నా ఓటు. ఆ 944 వాతావరణ శాఖ కేంద్రంలో కొలిచిన అంకె. వేలు జారి పడిన సున్నా కాదు.

అదే రోజు కొలాబా కేంద్రంలో పడింది 73 మిల్లీమీటర్ల చిల్లర. ఒకే ఊరు, ఒకే రోజు. రెండూ కలిపి సరాసరి కడితే సుమారు 509 వస్తుంది, అది రెండు కేంద్రాల్లో ఎక్కడా పడని వాన. కాబట్టి మీ ప్రాజెక్టులో మొదట శాంతాక్రూజ్ వేరు, కొలాబా వేరు చేయండి. మీరుండే కామాటిపురా రెండింటి మధ్య, కొలాబాకు దగ్గరగా ఉంటుంది.

తీయాలా వద్దా అన్నది మీ ప్రశ్నను బట్టి. "జులైలో మామూలు రోజు ఎంత వాన పడుతుంది?" అన్నది ప్రశ్నయితే మీడియన్ చెప్పండి, 944 జాబితాలోనే ఉన్నా మీడియన్ చలించదు. "కాలువ ఎంత వెడల్పు ఉండాలి?" అన్నది ప్రశ్నయితే సరాసరి ఏ రకందైనా దండగ. అక్కడ కావలసింది మ్యాక్స్, ఆ తర్వాత =లార్జ్(బి2:బి500, 2), =లార్జ్(బి2:బి500, 3). అన్నిటికన్నా పెద్దది, రెండోది, మూడోది. ఊళ్లను ముంచేది మామూలు రోజు కాదు మరి.

ఇక్కడ ఒక తమాషా ఉంది, ప్రాజెక్టులో రాయండి. ముంబయి పాత వాన కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు లెక్కగట్టి కట్టినవి. 1993లో ఆ కాలువల మీద వచ్చిన బ్రిమ్‌స్టోవాడ్ నివేదిక దాన్ని 50కి పెంచాలంది. ఇప్పుడు 944ని 24తో భాగించండి. గంటకు 39. అంటే కాలువలు 50కి పెంచి ఉంటే ఆ రోజు నీళ్లు నిలిచేవే కావన్నమాట! కానీ ఆ వాన గంటకు 39 చొప్పున బుద్ధిగా పడలేదు. ఎక్కువ భాగం మధ్యాహ్నం నుంచి కొన్ని గంటల్లోనే కుమ్మరించింది, పైగా సముద్రం పోటు మీద ఉంటే కాలువ నీళ్లు బయటికి పోవు. 944 అనే అంచును మీరు జాగ్రత్తగా ఉంచుకున్నా, దాన్ని 24తో భాగించగానే అసలు సంగతి మళ్లీ మాయమైంది. గంటల వారీ అంకెలు దొరికితే వాటితోనే చేయండి.

తెలుగు మీడియం పిల్లలు ఏడుగురు. క్లాసు సరాసరికి అందరికన్నా ఎక్కువ, అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లను తీసేయొచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, ముంబయి

ఏడుగురిలో ఇద్దరిని తీస్తే క్లాసులో మూడో వంతుకు దగ్గరగా పోయినట్టే. వద్దండి. ఏడు మార్కులూ రాసి పక్కన మీడియన్ పెట్టండి. పరీక్షకు రాని పిల్లకు సున్నా వేయకండి, "రాలేదు" అని రాయండి. సరాసరి దాన్ని వదిలేస్తుంది.

మార్కండేయ జయంతికి మా చాల్‌లో 40 ఇళ్ల చందా వసూలైంది. వచ్చే ఏడాది అంచనా కోసం, క్వార్టైల్స్ తీసి ఒకటిన్నర రెట్లు దాటినవి కొట్టేయాలని మా అబ్బాయి ఫార్ములా పెట్టాడు. పెడితే 101 రూపాయలు తప్ప అన్నీ ఎగిరిపోయాయి. షీటు పాడైందా?
– కమిటీ సభ్యుడు, వర్లీ

షీటు బాగానే ఉంది. అంకెలను చిన్న నుంచి పెద్దకు పేర్చి నాలుగు సమాన భాగాలు చేస్తే ఆ భాగాల మధ్య వచ్చే హద్దులే క్వార్టైల్స్. ఆ ఒకటిన్నర రెట్ల పద్ధతి అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీది. 1977లో వచ్చిన ఆయన పుస్తకంతో బాగా వాడుకలోకి వచ్చింది. పైన కారీగర్ లెక్క మీద చూస్తే బాగా పనిచేస్తుంది. =క్వార్టైల్(బి2:బి13, 1) ఇస్తే 58.75, చివర 1 బదులు 3 ఇస్తే 63.25. రెండింటి మధ్య దూరం 4.5, దానికి ఒకటిన్నర రెట్లు 6.75. కిందికి 52, పైకి 70 గట్లు. 15, 20, 88, 90 బయట పడతాయి, సరిగ్గా మనం చేత్తో తీసినవే.

మీ చందాలో 40 ఇళ్లకు 28 ఇళ్లు 101 చొప్పున ఇచ్చాయి. కింది క్వార్టైల్ 101, పైది కూడా 101. మధ్య దూరం సున్నా. సున్నాకు ఒకటిన్నర రెట్లు మళ్లీ సున్నానే కదా. అందుకని 51 ఇచ్చిన నాలుగిళ్లు, 251 ఇచ్చిన అయిదిళ్లు, 501 ఇచ్చిన రెండిళ్లు, 5,001 ఇచ్చిన పెద్దాయన, అందరూ గట్టు అవతల పడ్డారు. సగానికి పైగా ఒకే అంకె ఉన్న లెక్కకు ఈ పద్ధతి వాడకూడదు.

పైగా మీకు కావలసింది మొత్తం. మొత్తం రూ.10,290. ఆ 5,001 ఒక్కటి పక్కన పెడితే 39 ఇళ్లకు 5,289, ఇంటికి సుమారు 136. వచ్చే ఏడాది 40 ఇళ్లకు 5,400 వస్తుందనుకుని పందిరి, ప్రసాదం ఖర్చు అందులో కుదించుకోండి. 5,001 ఇచ్చినాయన వచ్చేసారి కూడా ఇస్తారో లేదో ఏ ఫార్ములా చెప్పదు, బ్యాండు మేళానికి బయానా ఇచ్చే ముందు ఆయన్నే అడగండి.